కొన్నవాడికే సోదా

2009 జూన్ 7, ఆదివారం

చర్చి నుంచి వచ్చి కంప్యూటర్ ఓవర్‌హాల్ పెట్టుకున్నాను. నెలలో మొదటి ఆదివారం ఆ పనికే. లోపల ఉన్నదంతా తుడిచేసి, విండోస్ మళ్ళీ వేసి, రైలాట మళ్ళీ ఎక్కించి, డబ్బా మూత విప్పి దుమ్ము ఊది బిగించేసరికి అన్నం చల్లారిపోయింది. నేనూ గోపాలప్పా ఆడుకున్న ఆటను మాత్రం ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టాను. అది పోతే గోపాలప్ప నన్ను చంపుతాడు.

బెంగళూరులో నేను సెక్యూరిటీగా నిలబడిన ఆఫీసు వాళ్ళు ఇచ్చిన కంప్యూటర్ ఇది. మోకాళ్ళ నొప్పులతో పని మానేసి వస్తుంటే, పాతది ఒకటి ఉంది తీసుకుపో అన్నారు. అక్కడ సిస్టమ్స్ చూసే ఆయనే ఈ తుడిచివేసే విద్య నేర్పాడు. ఏదైనా చెడిపోతేనే చెయ్యండి అన్నాడు. చెడిపోయేదాకా ఆగడం ఏం పద్ధతి? నేను బంగారు గనిలోకి మనుషులను దించి ఎక్కించే వైండింగ్ ఇంజను నడిపినవాణ్ణి. వారానికొకసారి ఇంజను ఆపి, తాడంతా కళ్ళ ముందు నుంచి పోనిచ్చి, బ్రేకులు విప్పి చూడనిదే కేజి బోనులో మనిషిని దించేవాళ్ళం కాదు. నా భార్య ఆలిస్ ఉన్నప్పుడు మిక్సీని కూడా నెలకొకసారి విప్పేవాణ్ణి. చివరికి ఆమె దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

సాయంత్రం గోపాలప్ప వచ్చాడు. ఆడాము.

జూన్ 9, మంగళవారం

ఈ రోజు ఆటలో గోపాలప్ప సిగ్నల్ వేయడం మరిచిపోయి కునుకు తీశాడు. నా గూడ్సు పోయి ప్యాసింజరును గుద్దింది. గని లోపల కేజి ఆగే స్టేషన్లో అన్నేళ్ళు గంట కొట్టినవాడు, షిఫ్టులో ఒక్కనాడూ కన్ను మూయనివాడు, బొమ్మరైలు ముందు నిద్రపోతున్నాడు. వయసు మరి. నాకంటే రెండేళ్ళు పెద్ద.

కింద అతను గంట నొక్కితే పైన ఇంజను గదిలో నాకు మోగేది. దించమంటే దించేవాణ్ణి, ఆపమంటే ఆపేవాణ్ణి. అతని మొహం కంటే గంట నాకు బాగా తెలుసు. తొందరలో ఉన్నాడో, అలిసిపోయాడో, కేజి నిండిందో, అన్నీ తెలిసేవి. మాట్లాడుకున్నది తక్కువ. ఆలిస్‌ను మట్టి చేసిన తర్వాత ఒక సాయంత్రం బేతమంగళ నుంచి బస్సెక్కి వచ్చి ఈ గదిలో కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. ‘వచ్చినాను’, ‘పోయొస్తాను’. మధ్యలో ఇద్దరం గోడ చూసేవాళ్ళం.

పాపం, ఇంట్లో పొద్దుపోవడం లేదేమో అనిపించింది. అతని భార్య మారమ్మ నోరు కొంచెం పెద్దది. ఈ మనిషికి ఏదో ఒక కాలక్షేపం ఉండాలి కదా అని బెంగళూరు దాకా పోయి రైలాట కొన్నాను. ఒరిజినల్. అట్టపెట్టె, మెరిసే స్టిక్కరు, పుస్తకం అన్నీ ఉన్నాయి. ఇదే ఆట రాబర్ట్‌సన్‌పేటలో ప్లాస్టిక్ కవర్లో కాపీ డిస్కు దొరుకుతుంది, టీ డబ్బులకు. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఒకడు రైలు నడపాలి, ఇంకొకడు సిగ్నళ్ళు, పాయింట్లు చూడాలి. మా ఇద్దరికీ చేసిపెట్టినట్టే ఉంది.

అతని కోసమే కొన్నాను. నాకేం, రేడియో ఉంది.

జూన్ 18, గురువారం

వాన. బస్సు బాగా లేటు. అయినా తడుస్తూ వచ్చాడు. ఆటంటే అంత పిచ్చి పట్టింది మనిషికి.

జూన్ 24, బుధవారం

అతని చేతులకు పాలవాసన. కీబోర్డు అంతా జిగట. కడుక్కుని కూర్చోమన్నాను. కడుక్కుని వచ్చాడు. మధ్యమధ్యలో గడియారం చూస్తాడు. ఆట ఇంకా ఎంతసేపు ఉంటుందో అని ఆశ కాబోలు. కొత్త ఘాట్ సెక్షను మొదలుపెట్టాము. అందులో సొరంగాలున్నాయి. అతను వచ్చే బస్సు చప్పుడు నాకు ఇంట్లోంచే తెలుస్తుంది. డ్రైవరు మా గని ఇళ్ళ లైను మలుపు దగ్గర గేరు మారుస్తాడు.

జూలై 5, ఆదివారం

ఓవర్‌హాల్ చేశాను. ఆట తెరుచుకోవడం లేదు.

డిస్కు ఎక్కింది. నంబరు కొట్టాను. ఇంటర్నెట్‌కు తగిలించాను. ఎప్పటిలాగే ‘పరిశీలిస్తున్నాము’ అని చిన్న చక్రం తిరిగింది. తర్వాత ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలు. ఈ ఆటను వాడుకునే హద్దు దాటిపోయిందట. సహాయం కోసం ఫలానా నంబరుకు ఫోన్ చేయాలట. మళ్ళీ తుడిచాను, మళ్ళీ వేశాను. అదే మాట. పెన్‌డ్రైవ్‌లో మా ఘాట్ సెక్షను భద్రంగా ఉంది, తెరిచే దారి లేదు.

బస్సు వచ్చే వేళయ్యింది. ఆదివారం కూడా వస్తాడు కదా. పక్కింటి డయానా ఫోన్ నుంచి చేసి, మా లైనులో కరెంటు లేదు, ఈ పూట రావద్దు అన్నాను. నా ఫోన్ నుంచి ఎందుకు చేయలేదో నాకే తెలియదు. నా ఇంట్లో లైటు వెలుగుతూనే ఉంది.

జూలై 6, సోమవారం

నాకు జ్వరమని గోపాలప్పకు చెప్పాను.

జూలై 8, బుధవారం

పొద్దున్నే ఆ నంబరుకు ఫోన్ చేశాను. ముంబైలో ఎవరో అమ్మాయి. మర్యాదగానే మాట్లాడింది, ఆ మర్యాదే నాకు కారం రాసినట్టయింది. ‘ఈ ఆటను మొత్తం ఎన్ని కంప్యూటర్లలో వేశారు సార్’ అని అడిగింది. ఒక్కదాంట్లో అన్నాను. మా దగ్గర మూడని చూపిస్తోంది సార్ అంది. ఒకే డబ్బా, నెలకొకసారి తుడిచి వేస్తాను అన్నాను. తుడిస్తే మా సిస్టమ్‌కు అది కొత్త కంప్యూటరే సార్ అంది. తుడవడం ఎందుకు అని అడిగింది. ఏం చెప్పేది ఆమెకు? తాడు చూడటం గురించా? ఎవరికైనా ఇచ్చారా, ఎవరికైనా అమ్మారా, పెట్టె ఫొటో, బిల్లు ఫొటో పంపండి, పరిశీలించి చెబుతాము అంది.

పరిశీలించడం. ఈ మాట మనిషి నోట విని ఎన్నేళ్ళయిందో.

అట్టపెట్టె వెనక భూతద్దం పెట్టి వెతికాను. అడుగున, చీమతల అక్షరాల్లో ఉంది. మూడుసార్లే వేసుకోవచ్చు. రాసిపెట్టారు, కాదనను. నేను చదవలేదు. ఇడ్లీ కొన్నప్పుడు ఎన్నిసార్లు నమలాలో ఎవరు చదువుతారు?

నా జ్వరం తగ్గలేదని గోపాలప్పకు చెప్పాను. బ్రెడ్డు తెచ్చేదా అన్నాడు. వద్దన్నాను.

జూలై 10, శుక్రవారం

రాబర్ట్‌సన్‌పేటకు పోయి నేత్ర అనే అమ్మాయి నడిపే నెట్ సెంటర్లో ఫొటోలు తీయించి కంపెనీకి పంపించాను. లెటరు నేను చెబుతుంటే నేత్ర ఇంగ్లీషులో కొట్టింది. చివర్లో, మీరు నన్ను అనుమానించినందుకు విచారం తెలియజేయాలి అని రాయమన్నాను. అది వద్దులే అంకుల్, పని కాకుండా పోతుంది అంది. రాయమన్నాను. రాసింది.

నేత్ర మనసులో ఏదీ దాచుకోదు. ఆమె లెక్క ఇది: కాపీ కొన్నవాళ్ళు ఈ ఆటను ఎప్పుడో ముగించి వేరేది ఆడుతున్నారు. వాళ్ళ డిస్కు ఎవరినీ ఏమీ అడగదు, నంబరు అడగదు, ముంబై అడగదు. అడిగే భాగాన్ని ఎవడో కోసి పారేశాడు. ఈ తాళాలన్నీ కొన్నవాళ్ళకే. డ్రాయర్లోంచి ఒక డిస్కు తీసి, ఊరికే తీసుకోండి, మీరు డబ్బులు కట్టేశారు కదా, మీది మీరు ఆడుకుంటే తప్పేముంది అంది.

అందులో న్యాయం ఉంది. అందుకే కోపం వచ్చింది. వద్దన్నాను. కంపెనీ వాళ్ళ పక్షాన కూడా మాట్లాడాను, నాకే ఆశ్చర్యం. తాళం లేకపోతే అందరూ నీ డ్రాయరు దగ్గరికే వస్తారు, చేసినవాడు ఏం తింటాడు అన్నాను. తాళం ఉన్నా నా దగ్గరికే వస్తున్నారు కదా అంకుల్ అంది. గొడుగు మరిచిపోయి వచ్చాను.

జూలై 12, ఆదివారం

చర్చికి పోలేదు. కూర్చుని పాతవన్నీ తోడుకున్నాను.

షిఫ్టు దిగగానే గని గేటు దగ్గర సోదాకు వరస. చేతులు పైకెత్తు, నోరు తెరువు, బూట్లు విప్పు, కేరియరు గిన్నెలు ఒక్కొక్కటీ చూపించు. నేను పైన ఇంజను గదిలో మనిషిని, బంగారం రాయి నా కంటికి కూడా కనబడేది కాదు. అయినా నా పప్పుగిన్నెలో చెంచా పెట్టి కెలికేవాళ్ళు. బంగారం పోలేదా అంటే పోయింది. దొంగిలించేవాళ్ళు దొంగిలిస్తూనే ఉన్నారు. వాళ్ళ దారులు వాళ్ళకుండేవి, గేటు వైపు వాళ్ళు ఎందుకు వస్తారు? తడిబట్టలతో గేటు దగ్గర నిలబడింది మేము.

గోపాలప్పనయితే ఒకసారి పట్టుకున్నారు కూడా. బూటులో రాయిముక్క ఉందని. విచారణ అని వానాకాలమంతా గేటు బయటే నిలబెట్టారు. ఆ రోజుల్లో కింద వేరే మనిషి గంట కొట్టేవాడు, నేను ప్రతి గంటకూ ఒక క్షణం ఆగనిదే హ్యాండిల్ కదిలించేవాణ్ణి కాదు. చివరికి అది ఉత్త తెల్లరాయి, నడుస్తుంటే దూరింది అని తేలింది. రేపటి నుంచి పనికి రా అన్నారు. అంతే. ఒక్కరూ ‘తప్పయింది’ అనలేదు. అతనూ ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు, నాతో కూడా.

తర్వాత నేనే బెంగళూరులో గేటు దగ్గర నిలబడి ఆడపిల్లల టిఫిన్ డబ్బాలు తెరిపించాను. ఒక్కదాంట్లోనూ ఏమీ దొరకలేదు. వాళ్ళు కూడా నన్ను లోపల తిట్టుకునే ఉంటారు. తిట్టుకోనీ, నాకు జీతం దానికే.

ఎవరూ రాలేదు ఈ రోజు. రావద్దన్నది నేనే కదా.

జూలై 14, మంగళవారం

గోపాలప్ప ఫోన్ చేశాడు. జ్వరం తగ్గిందా అన్నాడు. తగ్గింది, కరెంటు మళ్ళీ పోయింది అన్నాను. ఇన్ని దినాలా అన్నాడు. ట్రాన్స్‌ఫార్మరు అన్నాను. ‘సరే అప్పా’ అన్నాడు.

నిజం చెబితే ఏమవుతుంది? ఆట లేదని తెలిస్తే అంత దూరం బస్సెక్కి ఎందుకు వస్తాడు? నాతో గోడ చూడటానికా? నా బాధ అది కాదు. కంపెనీ చేసిన అన్యాయం మీదే నా కోపమంతా.

జవాబు రాలేదు కంపెనీ నుంచి.

జూలై 15, బుధవారం

మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి వేరే అమ్మాయి. మొదటి నుంచి మళ్ళీ అడిగింది. ఎన్ని కంప్యూటర్లు సార్.

జూలై 16, గురువారం

గోపాలప్ప వచ్చాడు. వెళ్ళాడు.

జూలై 17, శుక్రవారం

నిన్న జరిగింది రాసి పెట్టుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే నా వైపు న్యాయం ఉండాలి.

పిలవకుండానే వచ్చాడు. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. అతను రెండూ చూశాడు, ట్రాన్స్‌ఫార్మరు సంగతి అడగలేదు. వస్తూ వస్తూ నేత్ర దగ్గరికి పోయాడట, కంప్యూటర్ పని ఏదున్నా నేను అక్కడికే పోతానని అతనికి తెలుసు. ఆట బిగుసుకుపోయిందని ఆమె చెప్పేసింది. జేబులోంచి డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు. దీంతో ఆడుకొందాం, దీనికి ఎవురినీ అడిగే పని లేదంట అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

దొంగసొత్తు నా ఇంట్లోకి తేవద్దన్నాను. అందులో తప్పేముంది? నా సర్వీసంతా ఎవరికీ నా దగ్గర ఏమీ దొరకలేదు, ఇప్పుడు కొత్తగా దొరకనివ్వను. డిస్కు తీసుకుని వెళ్ళిపోయాడు. అంతే జరిగింది.

జూలై 18, శనివారం

అంతే కాదు. ఇంకో మాట కూడా అన్నాను.

జూలై 19, ఆదివారం

చర్చిలో కూర్చుంటే పాస్టరుగారు ఏం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

దొంగసొత్తు అని నేనన్నప్పుడు అతనికి మొదట అర్థం కాలేదు. కొన్నది నువ్వే కదప్పా, దుడ్లు కట్టినావు కదా, ఇంగ దొంగతనం యాడ ఉండాది అన్నాడు. నెమ్మదిగానే అడిగాడు. ముందురోజు ముంబై అమ్మాయికి చెప్పలేకపోయినదంతా నా గొంతులో ఉంది. దాన్ని ఇతని మీద కక్కాను.

“నీకు అలవాటే కదా గోపాలప్పా. ఆ దినం బూటులో, ఈ దినం జేబులో.”

నేనే అన్నాను. ఈ నోటితోనే.

అతను డిస్కు తీసుకున్నాడు. గడప దగ్గరికి పోయి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. గేటు దగ్గర నిలబడినట్టే. చొక్కా చంకలో చిరిగి ఉంది.

“చూసుకోప్పా. నీ ఇంట్లోంచి ఏమన్నా ఎత్తుకొని పోతా ఉండానేమో.”

నేను కుర్చీలోంచి కదల్లేదు. ఎంతసేపు అలా నిలబడ్డాడో. ఆ చేతులు కిందికి దించితే చాలు దేవుడా అనుకున్నాను. లేచి పోయి దించాల్సింది నేను. పో అన్నాను. ఆ మాటే వచ్చింది.

జూలై 22, బుధవారం

బస్సు మలుపు దగ్గర గేరు మార్చింది. ఎవరూ దిగలేదు.

రాకపోతే పోనీ. ఆట కోసం వచ్చేవాడు, ఆట లేదు, రాడు. లెక్క సరిపోయింది. పొద్దుపోక తంటాలు పడుతుంటాడు, అనుభవించనీ. నాకేం, రేడియో ఉంది.

జూలై 25, శనివారం

రేడియో కూడా విప్పి చూశాను. బాగానే ఉంది. మళ్ళీ బిగించాను.

డయానా పాయసం తెచ్చి ఇచ్చింది. గొంతు బొంగురు పోయిందేమిటి అంకుల్, జలుబా అంది. జలుబు కాదు. ఆదివారం చర్చిలో పాట పాడిన తర్వాత నేను ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది. థ్యాంక్స్ అన్నాను. ఆ ఒక్క మాటకే దగ్గు వచ్చింది.

జూలై 28, మంగళవారం

నేత్ర ఫోన్ చేసి రమ్మంది. కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. ప్రింటు తీసి ఇచ్చింది. నేను డబ్బు కట్టి కొన్నవాడినే అని వాళ్ళకు నమ్మకం కలిగిందట. ప్రత్యేకంగా ఇంకొక్కసారి ఆట వేసుకోవడానికి అనుమతి ఇస్తున్నారట. కింద ఒక లైను: మీకు కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాము.

నేత్ర చప్పట్లు కొట్టింది. గెలిచారు అంకుల్, వాళ్ళతో సారీ చెప్పించారు అంది. అందరికీ పంపే మాటే అని నాకూ తెలుసు, ఏ మిషనో కొట్టి ఉంటుంది. అయినా దాన్ని ఆటో స్టాండు దగ్గర నిలబడి మళ్ళీ చదివాను. ఇంటికొచ్చి మళ్ళీ చదివాను. అన్నం తింటూ చదివాను.

జూలై 29, బుధవారం

ఆట వేశాను. చక్రం తిరిగింది, తెరుచుకుంది. పెన్‌డ్రైవ్‌లోంచి మా ఘాట్ సెక్షను తీసి పెట్టాను. ఆ రోజు ఆపినచోటే రైలు నిలబడి ఉంది, సొరంగం ముందు. ఎర్రసిగ్నలు.

సిగ్నలు వేయాల్సింది అతను. ఆ పక్క కీ నేనే నొక్కాను. మళ్ళీ ఈ పక్కకు వచ్చి రైలు కదిలించాను. తర్వాతి స్టేషన్లో మళ్ళీ అటు. రెండు చేతులతో ఇద్దరు మనుషుల పని చేస్తూ కాసేపు నడిపాను. నాకు నేనే సిగ్నలిచ్చుకుని నేనే పోవడం. పిచ్చివాడిలా ఉన్నాను. ఆపేశాను.

దీని కోసమా నేను ఇన్నాళ్ళు కొట్టుకున్నది? ఆట వచ్చింది. ఒక్కరోజు కూడా నేను ఆట ఆడాలని అనుకోలేదు. అతను వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి, అంతే నాకు కావలసింది. గోడ చూసినా సరే. నిద్రపోయినా సరే. ఎక్కడ రావడం మానేస్తాడో అని ఆట కొన్నాను. అతనికి పొద్దుపోవడానికి కాదు. ఈ ముక్క ఇన్నాళ్ళూ ఇందులో రాయకుండా తప్పించుకున్నాను.

కంపెనీ కాగితం బల్ల మీద ఉంది. ముక్కూమొహం తెలియని ముంబై వాళ్ళు ఒక లైను విచారం రాసి పంపారు. నేను గోపాలప్పకు ఆ ఒక్క లైను కూడా చెప్పలేదు.

రేపు బేతమంగళ బస్సెక్కుతాను.

జూలై 30, గురువారం

ఇప్పుడే వచ్చాను. చేతులకు ఇంకా పేడవాసన. కడుక్కోకుండానే రాస్తున్నాను.

బస్సు ఇంత ఎత్తుగా ఉంటుందని నాకు తెలియదు. మెట్లెక్కేసరికి మోకాళ్ళు ప్రాణం తీశాయి. గుంతల్లో పడి లేస్తూ పోయింది. రోజూ ఇందులో వచ్చేవాడు, ఇందులోనే పోయేవాడు. బేతమంగళలో దిగి ఇల్లెక్కడని అడుగుతూ పోయాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అతని ఇంటికి పోలేదు నేను.

వాకిట్లో మారమ్మ జొన్నలు చెరుగుతోంది. నన్ను చూడగానే చేట కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. ఆమెకు ఏమీ చెప్పలేదు అతను. బూటు మాట, చేతులెత్తిన మాట, ఏదీ చెప్పలేదు. నాకు ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పాడట. మంచినీళ్ళిచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, తన ధోరణిలో మాట్లాడుతూ పోయింది. ఈ మధ్య సాయంత్రాలు ఇంట్లోనే ఉంటున్నాడు, ఆమెకు కొంచెం సుఖంగా ఉందట. లేకపోతే పొద్దున పాలు అతను పిండినా సాయంత్రం పాలు ఆమే పిండుకోవాలి, ఆమె చెయ్యి పడితే ఆవు తంతుంది. ఎన్నిసార్లు తన్నిందో చెప్పింది, పిక్క మీద మచ్చ కూడా చూపించింది. నాకు ఇంకా అర్థం కాలేదు. అలాంటప్పుడు ఆట కోసం అంత దూరం ఎందుకు వచ్చేవాడు, మీరు మాన్పించాల్సింది కదా అన్నాను.

“ఆటా? ఆ బొమ్మరైళ్ళు చూస్తే ఆయనకు కండ్లు తిరుగుతాయన్నా. ఆలిసమ్మ పోయినాక నీకు ఎవురూ లేరు, ఒకడే గోడ చూసుకొని కూర్చొని ఉంటాడు అని ఈయన బాధ. అందుకే నేను కూడా పోనీలే అని ఆవుతో తన్నించుకొంటా ఉంటిని.”

నీళ్ళ చెంబు పట్టుకుని ఉన్నాను. తాగకుండానే అరుగు మీద పెట్టాను. ఈ డైరీ నిండా అతని మీద జాలిపడుతూ రాశాను. పాపం గోపాలప్ప, పొద్దుపోని గోపాలప్ప. జాలి పడింది వాళ్ళిద్దరూ. నా మీద. ఆవు తన్నులు తిని మరీ.

అతను ఇంటి వెనక కొట్టంలో ఉన్నాడు. ఆవు దగ్గర గొంతుక్కూర్చుని పొదుగు కడుగుతున్నాడు. నా చెప్పుల చప్పుడు విన్నాడు, తల తిప్పలేదు. ఆట మళ్ళీ వచ్చిందని చెప్పాలని బస్సులో అనుకున్నాను. దాని ఊసే ఎత్తలేదు. బూటు మాట నేను అని ఉండకూడదు, అది అబద్ధమని అందరికంటే నాకే బాగా తెలుసు, నన్ను మన్నించు అన్నాను. నిలబడే చెప్పాను. ఆవు తోక ఊపింది. అతను పిండడం మొదలుపెట్టాడు.

పిండుతూనే మాట్లాడాడు. నాతో కాదు, ఆవు కడుపుతో చెబుతున్నట్టు.

“ఇన్నేండ్లు నీ తాడు మీద దిగినాను, ఎక్కినాను. ఆ చీకట్లో. ఒక్క దినమన్నా నీ బ్రేకు చూపీయమని అడిగినానా?”

లేదన్నాను.

“అడగలేదు,” అన్నాడు.

ఇంక పోవాలని వెనక్కి తిరిగాను. రెండడుగులు వేసి ఆగిపోయాను. బస్సు ఎక్కి, మలుపు దగ్గర దిగి, తాళం తీసి, ఆ గదిలో లైటు వేయాలి. దాన్ని తలుచుకుంటేనే భయం వేసింది. గనిలో అంత లోతున మనుషులను వేలాడదీసినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

“నాకు ఎవురూ లేరు గోపాలప్పా. నువ్వు రాకపోతే ఆ ఇంట్లో నేను ఉండలేను,” అన్నాను.

ఆలిస్ సమాధి దగ్గర కూడా అనని మాట. పేడ మధ్య నిలబడి అన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గనిపించలేదు.

పాలు చెంబులో పడే చప్పుడు ఒకటే. గుంజకు కట్టిన దూడ తాడు ముడి ఊడబెరుక్కుని ఆవు పొదుగు కిందికి దూరబోయింది. అతని మోచేతికి తగిలి చెంబు ఒరిగింది.

కూర్చోమనలేదు. లోపలికి రమ్మనలేదు. తలెత్తకుండానే, దూడను పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను.